ఖాళీ సీసా

ఇద్రీయ్‌ట్సా నదిలోకి దిగువ నుంచే నడవాలి,
ఏటికి ఎదురెక్కే చేపలా.
మన కాళ్లు రేపిన బురద
మన వెనక్కే పోవాలి.
లోవ్రెంత్స్ నాకు నేర్పిన మొదటి పాఠం ఇది.

రెండోది: ఇద్దరుండాలి.
మురికి చేతులు అతనివి.
పెట్టె తెరుస్తాడు, పై సంచి విప్పుతాడు,
జారితే నా నడుం పట్టీ పట్టుకుంటాడు.
శుభ్రమైన చేతులు నావి.
లోపలి సంచి, సీసా, మూత, నీళ్లు,
ఇంకేదీ తాకకూడదు.
చలికి ముక్కు కారుతున్నా సరే
మడి కట్టుకున్నట్టు నిలబడాలి.

గని మూతపడి నా వయసంత అయింది.
వాన పడ్డప్పుడల్లా కొండ
పాత బాకీ చెల్లించినట్టు
నదికి ఇంకా పాదరసం ఇస్తూనే ఉంది.
ఎంత?
లక్ష కోట్ల చుక్కల్లో ఒకటి, రెండు, ఒక్కోసారి ఇరవై.
వీసమెత్తు అన్న మాట ఇక్కడ కొండంత బరువు.

ప్రయోగశాలలో దాని ఆవిరిని పట్టేది బంగారం,
ఇసుక రేణువులకు పూసిన పల్చటి బంగారం.
కాలిస్తే వదిలేస్తుంది.
దీపం ముందు అది ఒక్క క్షణం వెలిగి
కాగితం మీద ముల్లులా లేచి పడిపోతుంది.

అమ్మమ్మ ఉంగరం కూడా అలాగే పట్టేదట.
తాత గనిలోంచి వచ్చి చెయ్యి పట్టుకుంటే
పసుపు రంగు తెల్లబోయేది.
"మీ తాత నాకు వెండి చేయించాడు" అని
లేసు కండెలు తిప్పుతూ నవ్వేది.
తాత చెంచాలో సూపు
నోటిదాకా వచ్చేసరికి సగమయ్యేది.
అది ఎవరూ కొలవలేదు.

ఏటికి వెళ్లినప్పుడల్లా
మేమే శుద్ధి చేసిన నీళ్లు ఒక సీసాలో తీసుకెళ్తాం.
గట్టు మీద మూత తీసి, మళ్లీ బిగించి,
తిరిగి తెచ్చుకుంటాం.
అది ఏ నదిదీ కాదు.
దాన్ని ఖాళీ అంటాం.

మార్చిలో ఖాళీ కూడా ముల్లు లేపింది.
ఆమ్లం మార్చాం. తొడుగులు మార్చాం.
సంచులు పారేశాం.
మూడో వారం లోవ్రెంత్స్ అన్నాడు:
"యెర్నేయా, నోరు తెరువు."

వెనక దవడకి రెండు.
పదకొండో ఏట డాక్టరు పూడ్చిన వెండి రంగు పళ్లు.
మూత తీస్తూ నేను అంకెలు పైకి లెక్కపెట్టుకుంటాను,
నాకే తెలియని అలవాటు.
గురివింద గింజకి
కింది నలుపు చూపించింది సీసా.

పద్నాలుగు వరసలు కొట్టేశాను,
కొట్టేసినవి కనిపించేలా, ఒక్క గీతతో.
"కొట్టేస్తే చాలదు, రాసి ఉంచు" అన్నాడతను.
నది పేరు రాయాల్సిన గడిలో
నా పేరు రాశాను.