రెండు గూళ్ల నడుమ

నిడుజువ్విలో మా ఇంటికి
రెండడుగుల మందం బండగోడలు.
మా నాయిన సొంతంగా కట్టినాడు,
ఎండ లోపలికి రాకూడదని.
ఎండతో బాటు వైఫై కూడా రాదని
అప్పుడెవరికి తెలుసు?

వసారాలో ఐదు గీతలు.
గడప దాటితే మూడు.
నడిమింట్లో ఒకటి, అదీ ఉండీ ఉండనట్టు.
నా బల్ల ఉండే వెనకింట్లో
ఒట్టి గుండ్రం, తిరుగుతానే ఉంటాది
గానుగెద్దు మాదిరి.
మీటింగులో నా మొగం
నోరు తెరిచినకాడనే నిలబడిపోతాది.
"నసీమున్, మీ మాట తెగిపోతోంది" అంటారు
హైదరాబాదు వాళ్లు.
నా జీతంలో సగం ఆ తెగిన మాటల్లోనే ఉంది.

కేబుల్ ఓబులేసు వచ్చినాడు,
భుజాన వైరు చుట్ట, పండ్ల నడుమ స్క్రూ.
"నేల మీద పెడితే ఎట్లక్కా?
కోడిపిల్లా ఇది, గంప కింద మూసేదానికి?
పైకెత్తల్ల" అన్నాడు.
అటక ఎక్కించినాం. ఒక గీత పెరిగింది.
ఇనప బీరువా జరిపినాం,
అమ్మ పెండ్లినాటిది, ముప్పై ఏండ్లుగా కదలంది.
దాని వెనక
ఒక గాజు, ఎండిపోయిన తేలు, ఇంకో అరగీత.

ఫోన్లో వెతికితే వీధి పేర్లన్నీ వరస కట్టినాయి:
ఫ్యాక్టరీ సుబ్బరాయుడు, కిరాణం మస్తానమ్మ,
"అడగొద్దు" అని ఒకటి.
అందరూ ఆరో చానల్లోనే,
బోరింగు కాడ బిందెల మాదిరి.
మమ్మల్ని పదకొండుకు మార్చినాడు.
అయినా వెనకింటికి చేరలే.

"ఇంగ గోడ తొలచాల్సిందే."
డ్రిల్లు ఆనించినాడు.
కీచుమనింది, రవ్వలు రాలినాయి,
గోరంత కూడా దిగలే.

అందాకా మంచం మీద బీడీ వెతుక్కుంటాన్న నాయిన
లేచొచ్చినాడు.
గోడకు అరచెయ్యి ఆనించి నడిచినాడు,
చూడావు కడుపు తడిమినట్టు.
దీపం గూటికాడ ఆగినాడు.

"ఈడ.
అవతల మీ అమ్మ అద్దం గూడు కూడా ఇదే ఎత్తు.
రెండిట్ల నడుమ ఒకటే పలక, రెండంగుళాలు.
ఆ పలక పక్క సందు సున్నంతో పూడ్సలేదు.
ఆ యేడు సున్నం సాలలే. మన్ను మెత్తినా.
ఎవురికీ చెప్పలే."

అమ్మ వంటింట్లోనించి
"ముప్పై ఏండ్లకా చెప్పేది?" అనింది.

మన్ను పొడిపొడిగా రాలింది. వైరు దూరింది.
అటు గూట్లో, పాత మసి మీద,
రెండో డబ్బా పచ్చగా వెలిగింది.

ఓబులేసు టీ తాగి పోయినాడు.
నాయిన మాత్రం ఆగలే.
నా ఫోను పట్టుకోని ఇల్లంతా తిరిగినాడు,
మట్టం గొట్టం పట్టుకోని తిరిగినట్టు.
చెవి మీది ఎర్ర పెన్సిలు తీసి
గోడల మీద రాసుకుంటా పోయినాడు:
నాలుగు. నాలుగు. మూడు.
వాకిలి పక్కన ఐదు.
పెరట్లో రాతి తొట్టి కాడ ఒకటి.

"తొట్టి జరిపితే?"
"అంత బరువు ఎందుకు నాయినా,
ఆ మూల ఎవరికి కావాల?"
"నాకు."

ఆదివారం పొద్దున్నించి
ముంతతో నీళ్లు తోడిపోస్తాన్నాం.