పద్నాలుగు నిమిషాలు

ముసఫ్ఫా క్యాంపుల ఆదివారం.
తీగె మీద ఆరుతున్న కవరాల్స్ నీడకు కూసొని
పోశెట్టి తన ఫోను నా చేతిల పెట్టిండు.
"మా నవనీత. డిగ్రీల మ్యాథ్స్ తీసుకుంటదట.
తీసుకుంటే ఏమొస్తదో
జర నువ్వే చెప్పు సారూ."

తెర మీద రెండు జడలు, వెనక కూలర్ చప్పుడు.
ఏమొస్తదో నన్నే అడగాల్నా!
నా వీసా మీద పెయింటర్ అని ఉంటది.
బ్రష్షు పట్టింది లేదు ఎన్నడూ.
చేసేది టైంకీపర్ పని,
నాలుగువందల పన్నెండు మంది వేలిముద్రలు
పొద్దున ఒకపారి, మాపటికి ఒకపారి.

అయినా చెప్పిన.
మా బ్యాచ్ ఫర్హీన్ మనామాల ఉన్నది బిడ్డా,
బీమా కంపెనీ.
ఏ ఈడోళ్లు ఏడాదికి ఎందరు పోతరో
ముందుగాల్నే లెక్కగడ్తది.
పదమూడు పరీక్షలల్ల తొమ్మిది అయినయట,
జీతం మంచిదే, నిద్రే తక్కువ.
సొహార్ రేవుల లింబాద్రి,
ఏ ఓడ ముందు, ఏ పెట్టె కింద అని
క్రేన్లకు వరుస రాసిస్తడు.
యూనివర్సిటీల ఆ పేపరే రెండుసార్లు తప్పిండు వాడు.
టీచర్లయినోళ్లు శానామంది,
వాళ్ల సంగతి ఎత్తకు, పొద్దు గూకుతది.

"మరి మీరు అంకుల్?"

గంతే, మాట ఆగింది.
పక్క రూముల ఎవరో పోపు పెట్టిన్రు, దగ్గు వచ్చింది,
దగ్గు మీదనే కొంచెం సేపు గడిపిన.

నేనా...
మా మెషిన్ ఆరు పద్నాలుగును ఆరు అంటది.
పదిహేను అయితేనే కనికరం.
ఫోర్‌మన్ విజిల్ ఏమో, అదేం శకునమో,
రోజూ ఆరు పద్నాలుగుకే మోగుతది.
క్లాసుల దీన్ని మెట్ల ప్రమేయం అన్నరు.
బోర్డు మీద ఎంత ముద్దుగుండె ఆ బొమ్మ!
ఒక్కో మెట్టు కొసకు
మా సారు ఖాళీ సున్న చుట్టేటోడు,
"ఈ బిందువు ఇందుల లేదు" అని.
ఆ ఖాళీ సున్నల నిలబడే
మీ నాయిన రోజూ ఇనుపరాడ్లు మోసిండు.

ఒకరాత్రి నిద్రపట్టక గుణించిన.
పద్నాలుగు, నాలుగువందల పన్నెండు, ఇరవైఆరు దినాలు.
నెలకు రెండువేల నాలుగువందల తొంభైతొమ్మిది గంటలు,
శేషం ఇరవైఎనిమిది నిమిషాలు.
కాయిదం తీస్కపోయి మేనేజర్ ముందట పెట్టిన.
"సాఫ్ట్‌వేర్ అంతే" అన్నడు.
గంటల దిక్కు చూడనే లేదు,
శేషం మీద మాత్రం వేలు పెట్టి
"ఈ ఇరవైఎనిమిది ఎట్లొచ్చింది?" అనడిగిండు.
భాగారం చేసి చూపెట్టిన.
కాయిదం మడిచి జేబుల పెట్టుకున్నడు.

నెల తిరిగినంక
విజిల్ ఆరు పదకొండుకు మోగింది.
ఎవ్వరూ ఏమనలేదు. మెషిన్ మారలేదు.
నా జీతం పెరగలేదు, నౌకరీ పోలేదు.
బస్సు ఎక్కేటప్పుడు ఒక బిహారీ పిలగాడు
గడియారం చెడిపోయిందేమోనని చెవికాడ పెట్టుకున్నడు.
గిదే బిడ్డా నా కథ,
దీనికి పేరు ఏం పెడ్తరో నాకు ఎరుకలేదు.

అటుదిక్కు సప్పుడు లేదు.
నెట్ పోయిందనుకున్న.
జడలు వంగి ఉన్నయి, పెన్ను కదులుతున్నది.

పోశెట్టి ఓపిక పట్టలే, ఫోను గుంజుకున్నడు.
"ఏమొస్తదన్నడే?"

"ఐదువందల ముప్పైఐదు గంటలు నాయినా,
నెలకు. అందరికీ కలిపి.
ముప్పైఆరు నిమిషాలు మిగుల్తున్నయి."