మూడో దినం చెట్టు

స్టాన్‌హోప్‌లో చర్చి ప్రహరీని ఆనుకుని
ఒక చెట్టు మొద్దు ఉంది.
కొడితే తెగదు, కాలిస్తే మండదు.
ఎప్పుడో రాయైపోయింది.
పక్కనున్న పలక ఇరవై ఐదు కోట్ల ఏళ్ళంటుంది.
ఆ లెక్క పాతదనీ, ముప్పై కోట్లు దాటిందనీ
మ్యూజియంలో ఆమె చెప్పింది,
సంతలో చిల్లర సరిచేసినంత తేలిగ్గా.

వారమంతా నేను ఈ లోయలో
ముసలివాళ్ళ కాళ్ళ పుళ్ళకు కట్లు కట్టే నర్సుని.
ఆదివారం సండేస్కూలు టీచర్ని.
చర్చి వెనక గదిలో ఏడుగురు పిల్లలు, ఒక హీటరు,
ఫెల్టు గుడ్డలో కత్తిరించిన సూర్యచంద్రులు.

మొన్న ఆరు దినాల పాఠం చెబుతుంటే
టామ్సిన్ చెయ్యెత్తింది.
"బయటి చెట్టు ఏ రోజుది మిస్?"
మూడో రోజుదన్నాను, తడుముకోకుండా.
చిన్నప్పుడు కంఠత వాక్యాలు అప్పజెప్పి
స్టీలు గ్లాసు గెలుచుకున్న నోరిది.
"సూర్యుడు నాలుగో రోజు కదా,
మరి ఆ ఒక్కరోజూ దానికి ఎండెవరిచ్చారు?"

హీటరు టిక్కుటిక్కుమంది.
ఫెల్టు సూర్యుడు నా చేతిలోనే ఉన్నాడు
ఇంకా బోర్డెక్కకుండా.

దినమంటే ఎంతని చెప్పను?
మా అమ్మమ్మ "మా దినాల్లో" అన్నప్పుడు
ఆ మాటలో రెండు కరువులూ ఒక ఉప్పెనా పట్టేవి.
ఆ సందులోంచి తప్పించుకోవచ్చు.
ఎందుకో తప్పించుకోబుద్ధి కాలేదు.

తెనాలిలో ప్రసంగాలు చేసే మా తమ్ముడు కృపానందం
వేళ్ళమీద తరాలు లెక్కగట్టి
లోకం వయసు ఆరువేలంటాడు.
మొద్దు ఫొటో పంపితే
"ఏ చెట్టక్కా, తినొద్దన్నదేనా?" అని నవ్వాడు.
నవ్వు ఆగాక మెల్లిగా,
"నువ్వు జారిపోవట్లేదు కదా?"
వాడి భయం నాకు తెలుసు.
దండలో ఒక్క ముడి వదులైతే
పూలన్నీ రాలతాయని.

విల్ఫ్ రెయిన్‌ది ఇంకో దారి.
నలభై ఏళ్ళు క్వారీలో
నల్ల సున్నపురాయి కోసిన మెథడిస్టు.
ఆ రాయిని నునుపు పడితే లోపల తెల్లగా
పగడపు జీవుల గూళ్ళు,
అడ్డంగా తరిగిన బెండకాయ చక్రాల్లా.
డరమ్ పెద్ద చర్చిలో స్తంభాలు అవే.
"ఇక్కడ వెచ్చటి సముద్రముండేది," అన్నాడు
మంచు పడుతున్న కిటికీని గడ్డంతో చూపిస్తూ.
"ఆ స్తంభాల పక్కన కూర్చునే
ఆరు రోజుల కథ విన్నాను.
స్తంభమూ లేచిపోలేదు, నేనూ లేచిపోలేదు."
"ఎప్పుడూ అనుమానం రాలేదా?"
"వచ్చింది. రాయివల్ల కాదు.
మా ఎనిడ్ పోయినప్పుడు."

ఇంకేమీ అడగలేదు. కట్టు విప్పాను.
ఐదు నెలలుగా మానని పుండు అంచున
లేత గులాబీ చర్మం, ఆవగింజంత.
ఎన్ని రాత్రులు, ఎన్ని ఉదయాలు,
ఎవరూ చూడకుండా
కణం పక్కన కణం పేర్చుకుంటూ వచ్చిందో.
"మంచిది," అన్నాను, తెలుగులో, నాకు తెలియకుండానే.
"ఏమన్నావ్?"
"బాగుందన్నాను."
ఆయన కాలివైపు చూసుకోలేదు.
ఎనిడ్ కుర్చీవైపు చూస్తున్నాడు.

ఈ ఆదివారం పిల్లల్ని వానకోట్లు తొడిగి
బయటికి తీసుకొచ్చాను.
ఇన్ని సమాధుల నడుమ అదొక్కటే
పుట్టిన తేదీ, పోయిన తేదీ లేకుండా నిలబడింది.
టామ్సిన్ గ్లవ్వు తీసి దానిమీద చెయ్యి ఆనించింది.
"ఆ ఒక్కరోజు సంగతి నాకు తెలీదమ్మా," అన్నాను.
ఆ మాట సండేస్కూల్లో అనడం అదే మొదలు.
"పర్లేదు మిస్," అంది. "చల్లగా ఉంది.
అయినా చెట్టులానే ఉంది."
వెనకెవరో బిస్కెట్లు ఎప్పుడిస్తారని అడిగారు.

ఫెల్టు సూర్యుడు నా కోటు జేబులో
కాస్త నలిగి,
కాస్త తడిసి.