రెండో నంబరు మీట

బూడెలో మధ్యాహ్నం రెండింటికే చీకటి.
షోరూము దీపాల కింద నా పెద్ద బండి
కొత్త బూట్లు తొడుక్కున్న బ్యాంకు మేనేజరులా నిలబడింది.

మంచు పడితే దాని తలుపు పిడి లోపలికి ముడుచుకునేది.
కెటిల్‌తో వేణ్ణీళ్లు మోసుకొచ్చి
సొంత కారునే తట్టి తట్టి బతిమాలేవాణ్ణి.
నెలవాయిదాలు మాత్రం ఏ చలికీ గడ్డకట్టలేదు.

బదులుగా తీసుకుంటున్నది చిన్నది, బఠాణీ రంగుది.
పిడి పట్టి లాగితే తెరుచుకుంటుంది, అంతే.
ఒక్క ఛార్జింగుతో వారమంతా రేవుకెళ్లి రాగలదు,
నా లోకమూ అంత దూరమే.

"లోపల ఇంకేమైనా ఉండిపోయిందా?" అన్నాడు ఐవిన్.
చూస్తానని ఎక్కి
రెండో నంబరు మీట నొక్కాను.

సీటు చప్పుడు లేకుండా ముందుకి జరిగింది,
అద్దం తల వంచింది,
సరిగ్గా ఇంగున్ ఎత్తుకి.
ఆమె త్రోన్‌హైమ్ వెళ్లిపోయి మూడు చలికాలాలు.
మోకాళ్లు స్టీరింగుకి నొక్కుకుని
కాసేపలాగే ఉన్నాను.
ఐవిన్ మర్యాదగా బయట మంచు చూస్తున్నాడు.

తర్వాత తెర మీద ఏదో తాకాడు.
"అన్నీ చెరిపేయమంటారా?" అని అడిగింది బండి,
నన్ను కాదు, అతన్ని.

చిన్న బండి సీటు కింద ఇనప కమ్మీ ఉంది.
ఎవరు కూర్చున్నా
వాళ్లే వంగి, లాగి, జరుపుకోవాలి.
కుక్క అప్పుడే ఎక్కేసింది,
తడి ముక్కు నా మెడకి ఆనించి.