కాంట్ గ్రంబుల్

నిఘంటువు దాన్ని సణుగుడు అంది.
పక్కనే గొణుగుడు. ఇంకో అర్థంగా,
దూరాన మబ్బు ఉరమడం.
మూడూ తప్పు కాదు.
కానీ హోల్డర్‌నెస్ తీరంలో ఆ మాట
నిఘంటువులో ఉన్నట్టు బతకదు.

పదిహేను రోజులకోసారి, గురువారం,
లైబ్రరీ వ్యాను నడుపుకుంటూ ఆ రోడ్డు చివరికి వెళ్తాను.
చివర అంటే నిజంగా చివరే.
తారు అక్కడ కొరికిన రొట్టెలా ఆగిపోతుంది,
కింద బురదరంగు సముద్రం నములుతూ ఉంటుంది.

మొదటిరోజే విల్ఫ్ ఆక్స్‌టబీని అడిగాను, ఎలా ఉన్నారని.
"కాంట్ గ్రంబుల్" అన్నాడు.
సణగలేనంటే, పాపం, గొంతు బాగాలేదేమో అనుకున్నాను.
కాదట.
బాగు అనే మాటను ముట్టుకోకుండా
దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి
ఇంటికి వచ్చేయడం అది.

ఆ ఫిబ్రవరిలో గట్టు విరిగి కోళ్లగూడు పోయింది.
ఎలా ఉన్నారు?
కాంట్ గ్రంబుల్.
మరుసటేడు గూస్‌బెర్రీ పొదలు, కంచె,
బట్టలారేసే తీగకు ఒక గుంజ.
రెండో గుంజ మిగిలింది. తీగ గాలిలో వేలాడింది.
కౌన్సిలు నుంచి ఒక కుర్రాడు టేపు తెచ్చి
పెరటి గుమ్మం నుంచి అంచుదాకా కొలిచి
పద్నాలుగు మీటర్లని రాసుకున్నాడు.
విల్ఫ్ అతనికి టీ ఇచ్చాడు.

అలాగని సణగడని కాదు.
సణగడంలో అతను ఘనాపాఠి.
బస్సు నాలుగు నిమిషాలు ఆలస్యమైతే
ఇరవై నిమిషాలు సణిగేవాడు.
బిస్కెట్ ప్యాకెట్లో రెండు తగ్గించారని,
చెత్తడబ్బా మూత రంగు మార్చారని,
నేను తెచ్చిన డిటెక్టివ్ నవలలో
నలభయ్యో పేజీ అంచున
హంతకుడి పేరు ఎవరో పెన్సిల్‌తో రాసేశారని.
రాసింది తన భార్యేనని తెలిసీ.
హిల్డా వ్యాను మెట్టు మీద కూర్చుని, ఊలు అల్లుతూ,
"మొదలెట్టాడు" అనేది,
కెటిల్ కూతేసిందని చెప్పినంత మామూలుగా.

అప్పుడు తెలిసింది, అది చిల్లర మాట అని.
పెద్ద నోటు ఇస్తే అక్కడ ఎవరూ మార్చరు.
వాన మీద సణుగుతారు, సముద్రం మీద సణగరు.
ఫిర్యాదుకైతే ఒక కిటికీ కావాలి, ఒక కాగితం,
అవతల ఒక ముఖం.
సణుగుడుకి అవతల ఎవరూ అక్కర్లేదు.
పక్కన ఒకరుంటే చాలు.

నవంబరులో హిల్డా పోయింది.
వ్యాను దిగి, అడగకూడదనుకుంటూనే,
నోటికి అలవాటైపోయి అడిగేశాను.
కాంట్ గ్రంబుల్.
ఈసారి ఆ మాట అక్షరాలా నిజమైంది.
చలికాలమంతా అతను దేని మీదా సణగలేదు.
బస్సు అసలు రాకపోయినా. టీ నీళ్లలా ఉన్నా.
పక్కింటి డోరీన్ క్లబ్లీ కావాలనే
టోస్టు బొగ్గులా మాడ్చి పెడితే
తినేసి థాంక్స్ చెప్పాడట.
"నాకు భయమేసింది," అంది డోరీన్.
"మా ఆయన పోయినప్పుడు కూడా ఇంత భయపడలేదు."

ఏప్రిల్ నాటికి పద్నాలుగు తొమ్మిదైంది.
రెండో గుంజా లేదు.
ఆ గురువారం అరల మధ్య నిలబడి
విల్ఫ్ ఒక పుస్తకం తీశాడు,
తిన్నగా నలభయ్యో పేజీకి వెళ్లాడు.
చాలాసేపు అంచులు చూశాడు.

"ఇందులో ఎవరూ ఏమీ రాయలేదు," అన్నాడు.
"మూడొందల పేజీలు! నేనే చదివి తెలుసుకోవాలా?
అచ్చు చూడు, చీమ కాళ్లలా.
ఆ మెట్టొకటి, కిర్రు కిర్రుమంటూ.
నూనె చుక్క వేసి ఎన్నాళ్లయిందో..."

డోరీన్ చేతిలో పుస్తకాలు కింద పెట్టి,
ఏమీ అనకుండా,
వెళ్లి అతని పక్కన నిలబడింది.
తర్వాతి ఊళ్లో నాకోసం ఎదురుచూస్తుంటారు.
ఇంజను ఆపేశాను.
బయట చినుకులు పడుతున్నాయి.
వాటి మీద కూడా అన్నాడు ఏదో.