నల్లబడ్డ గీతలు

నుంగంబాక్కంలో ఆరో అంతస్తు, అద్దాల గది.
"ఈ ఇటుకతో ఏమేం చేయొచ్చు?
రెండు నిమిషాలు. ఇరవై చెప్పు" అన్నారు.
గోడ కట్టొచ్చు అన్నాను.
తరవాత?
ఇంకో గోడ.

పక్క కుర్చీలో కుర్రాడు దాన్ని దిండు చేశాడు,
లంగరు చేశాడు, ఎవరికో ప్రేమలేఖ కూడా చేశాడు.
ఉద్యోగం వాడికొచ్చింది.
నాకు మాత్రం లిఫ్టు దిగేదాకా
ఇటుక ఇటుకలాగే కనిపించింది.

ఇప్పుడు కీల్పాక్ దగ్గర ఓ ఆసుపత్రి నేలమాళిగలో
ఆవిరి పెట్టెల కాపలా నాది.
కోసేవాళ్లు, కుట్టేవాళ్లు పైన.
కడిగే మేం నలుగురం కింద.
గోడమీద అంచులు పసుపెక్కిన కాగితం,
ఎవరు రాశారో ఎవరికీ తెలీదు,
పదిహేడు మెట్లు.
నానబెట్టు. కీలు విప్పు. పళ్ల సందులు తోము.
వెలుతురుకు ఎత్తి చూడు.
మొదటి వారమంతా పుష్పమేరి సిస్టర్
అటు తిరిగి చీటీలు రాసుకుంటూనే
"నాలుగోది మరిచావు" అనేది,
చప్పుడు విని.

మా తమ్ముడు భార్గవ రోజుకో కొట్టు తెరుస్తాడు, బుర్రలో.
పనసతొనల చిప్సు, అద్దె గొడుగులు,
పెళ్లిళ్లకు కిరాయి చుట్టాలు.
నన్ను గానుగెద్దు అంటాడు.
నూనె సంగతి ఎత్తడు.
"విసుగు రాదా అక్కా, చేసిందే చేసి?"
వస్తుంది.
తెల్లారుజామున నాలుగింటికి,
ఎనభయ్యో ఫోర్సెప్స్ తుడుస్తుంటే వస్తుంది.
వచ్చి కాసేపు కూచుని,
నా చేతులు ఆగకపోవడం చూసి
దాని దారిన అది పోతుంది.

మొన్న వానల్లో కరెంటు రెండుసార్లు రెప్పకొట్టింది.
ఆరో లోడు బయటికి తీస్తే
మూట వేడిగానే ఉంది, ముల్లు సరైన అంకె మీదే ఉంది,
టేపు మీద గీతలు మాత్రం
నలుపు కాదు. కాఫీపొడి రంగు.
పైనుంచి మూడోసారి ఫోను.
"మనిషిని బల్లమీద పడుకోబెట్టాం.
వేడిగా ఉందంటున్నావు కదా,
కొంచెం బుర్ర వాడవమ్మా!"
జీవితంలో రెండోసారి నన్ను ఆ మాట అడగడం.

కాగితం వైపు చూశాను. పద్నాలుగు.
గీత నల్లబడకపోతే మొదటినుంచీ.
ఎంత బాగా రాశాడో, ఎవడోగాని.
"యాభై రెండు నిమిషాలు పడుతుంది డాక్టర్."
అవతల ఫోను విసిరిన చప్పుడు.
నా మోకాళ్లు వణికాయి, అబద్ధమెందుకు.
చేతులు మాత్రం మూట విప్పుతున్నాయి.

ఆ మనిషి ఎవరో, ఏ వార్డుకు వెళ్లాడో,
ఏం జరగలేదో నాకు తెలీదు.
జరగనిదానికి రిజిస్టరులో గడి లేదు.
ఉన్న గడిలో రాశాను:
లోడు ఆరు. మళ్లీ వేశాను. నల్లబడింది.

పొద్దున బయట వాన వెలిసింది.
బండి దగ్గర పొన్నురంగం అడక్కుండానే
చక్కెర తక్కువ టీ పోశాడు,
ఎనిమిదేళ్లుగా పోసినట్టే,
ఒక్క చుక్క అంచు దాటకుండా.
బస్సెక్కి కూచున్నాక చూసుకున్నాను,
మోచేతికి అంటుకుని చిన్న టేపు ముక్క.
గీతలు నల్లగా ఉన్నాయి.
కిటికీ వెలుతురుకు ఎత్తి
మళ్లీ ఒకసారి చూశాను.