ఇరవై తొమ్మిదో తారీఖు

మా ఆయన కసాయి.
తకువారెంబోలో, రైళ్ళు ఆగడం మానేసిన స్టేషన్ ఎదురుగా
ముప్పై నాలుగేళ్ళుగా అదే మొద్దు, అదే కత్తి.
ఎంత రుద్ది కడిగినా
గోళ్ళ మొదళ్ళలో కొవ్వు వాసన తెల్లారేదాకా ఉండేది.
పెళ్ళయిన కొత్తలో నాకదే అత్తరు.

ఆగస్టు చలిలో గుండెకి రెండు స్టెంట్లు వేశారు.
డాక్టరమ్మ కాగితం మీద ఆవు బొమ్మ గీసి
అడ్డంగా గీత కొట్టింది.
ఒలెగారియో ఆ బొమ్మని చాలాసేపు చూసి
"మెడ అంత పొట్టిగా ఉండదు" అన్నాడు.
ఇంకేం మాట్లాడలేదు.

గొర్రె కసాయినే నమ్ముతుందంటారు.
మా ఇంట్లో కసాయి నన్ను నమ్మాడు.
నేను మోసం చేశాను.

మొదట కైమా ఉండల్లో గుప్పెడు ఉడికిన మసూర్ పప్పు.
వారం పోయాక రెండు గుప్పెళ్ళు.
గుప్పెళ్ళు పెరుగుతుంటే ఆవు తరిగిపోతోంది.
మిలనేసాకి టర్కీ రొమ్ము.
రొట్టెపొడి కప్పుకున్నాక ఎవరి మొహం ఎవరికి తెలుసు?

చేపల కొట్టు బస్టాండు వెనక.
కసాయి పెళ్ళాం చేపలు కొంటే ఊరు ఊరుకుంటుందా?
సంచీలో మెర్లూసా తోక కనబడకుండా
పైన పాలకూర కట్టలు పరిచేదాన్ని.
"ఏంటి ఎదెల్మిరా, ఆ పరుగు?" అనేది నీల్దా, గుమ్మంలో మాతే పీలుస్తూ.
"ఆకు వాడిపోతుంది."
జులై మంచులో కూడా అదే మాట అనేదాన్నేమో, అడిగితే.

ఆదివారం నిప్పుల దగ్గర మాత్రం ఏ పప్పూ ఉడకదు.
తమ్ముళ్ళొస్తారు, పక్కటెముకల కొవ్వు బొగ్గుల మీద చిటపటలాడుతుంది.
అందరికీ కాల్చి పెట్టి
తను చిలగడదుంప ఒలుచుకుని తిన్నాడు, బూడిద ఊదుకుంటూ.
ఎవడో నవ్వాడు.
ఆయన కత్తి తుడుచుకున్నాడు, తుడిచిందే మళ్ళీ తుడుచుకున్నాడు.
రాత్రి అటు తిరిగి పడుకుని
"పొగ వాసన చాల్లే" అన్నాడు.
నేను నమ్మలేదు. నమ్మినట్టు ఊఁ కొట్టాను.

నెల ఇరవై తొమ్మిది. న్యోకీ రోజు.
జీతం అడుగంటాక ఇంట్లో బంగాళదుంపలూ పిండే మిగులుతాయని
అమ్మమ్మల నాటి లెక్క.
పళ్ళెం కింద నోటు పెట్టుకుని తింటే
వచ్చే నెల చేయి ఆడుతుందట.
పైన పోసే ఎర్ర పులుసు, మా అత్తగారైతే
గొడ్డు మాంసం వేసి మూడు గంటలు మరిగించేది.
నాది నలభై నిమిషాల అబద్ధం:
పుట్టగొడుగులు, కారెట్ కోరు, టర్కీ కైమా,
రంగు కోసం మాడీమాడని ఉల్లిపాయ.

తిన్నాడు. రొట్టెముక్కతో పళ్ళెం తుడిచాడు.
కండని తాకి పశువు వయసు చెప్పే వేళ్ళు,
ఏ గడ్డి మేసిందో చెప్పే నాలుక.
వాటికి నేను నాలుగు నెలలుగా కథలు చెబుతున్నాను.

లేచి వెళ్ళాక నా పళ్ళెం ఎత్తాను.
నోటు లేదు.
కొట్లో మాంసం చుట్టే గులాబీ కాగితం, నాలుగు మడతలు.
తూకాలు రాసే పెన్సిలు, తూకాలు రాసే చేతిరాత:

"టర్కీ కాలి కండ కొను, రొమ్ము ఎండిపోతుంది.
కైమా ముతగ్గా, ఒక్కసారే తిప్పమను.
పప్పు నీళ్ళు బాగా వార్చు. మొదటి వారం ఉండలు విడిపోయాయి.
చేప కళ్ళు చూసి కొను.
వాడు నిన్ను మోసం చేస్తున్నాడు."

మొదటి వారం.

పెరట్లో నల్లా చప్పుడు.
చేతులు కడుక్కుంటున్నాడు, ఎప్పట్లాగే మోచేతుల దాకా,
ఇవాళ కొట్టు సెలవైనా.

కాగితం అడుగున అలవాటు కొద్దీ ఒక గీత గీశాడు,
మొత్తం ఎంతో వేయడానికి.
గీత కింద ఏమీ రాయలేదు.